ముప్పై మీటర్లు

పొద్దున్నే డిపోలో సంతకం పెట్టి తీసుకున్నాను
ఒక ఎర్ర రంగు డబ్బా, రెండు కుంచెలు,
ప్లాస్టిక్ తొడుగులో మడత నలగని పటం.
కంపాలా పడమటి చిత్తడికి
ముప్పై మీటర్ల లోపు ప్రతి గోడ మీదా
ఇంటూ గుర్తు వెయ్యాలి.
గోడలు లేని చోట తలుపుల మీద,
తలుపులు లేని చోట...
దాని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

చిత్తడి బతకాలి. నేనూ అదే అంటాను.
పాపిరస్ దుబ్బులు వడకట్టకపోతే
ఈ కొండల మురుగంతా సరాసరి సరస్సులోకే,
అక్కణ్ణుంచి మా కుళాయిల్లోకి.
పోయిన వానాకాలం మా వీధిలో
ఒక సోఫా ఈదుకుంటూ పోయింది.
దాని మీద కోడి.
నవ్వాం.
తెల్లారాక కాలవలో ఇద్దరు పిల్లలు దొరికారు.

నముసిసి చేమదుంపల మడిలో మోకాలి లోతున నిలబడి ఉంది.
"రాయి నాయనా, ఏ అక్షరం రాస్తావో రాయి.
నాకు చదువు రాదు గానీ
అది ఎన్ని ఇళ్లకు పడిందో లెక్కపెట్టగలను."
పదిహేడు.
తడి గోడకి రంగు పట్టక కారిపోతుంటే
తన గోమెసి అంచుతో గోడ తుడిచిచ్చింది,
నా పని చెడకూడదని.

పద్దెనిమిదోది ప్రహరీ.
లోపల సిమెంటు గోదాం, ఆరు లారీలు,
అన్నీ చిత్తడిని పూడ్చిన ఎర్రమట్టి మీదే.
టేపు పరిచాను: పదకొండు మీటర్లు.
మళ్లీ పరిచాను. పదకొండు.
సూపర్‌వైజర్ సెంపిజ్జా పటం విప్పాడు.
ఆకుపచ్చ గీత తిన్నగా వచ్చి, అక్కడ మాత్రం
పెద్దమనిషి ఎదురైన నౌకరులా
ఒంగి, పక్కకి తప్పుకుని,
గోదాం దాటాక మళ్లీ నిటారయింది.
"నీళ్లకి పటం చూడ్డం వచ్చా సార్?" అన్నాను.
"జీతం ఎప్పుడు పడుతుందో తెలుసా?" అన్నాడు.
శుక్రవారం.

రిజిస్టరులో ఆ మధ్యాహ్నం పేరు పునరుద్ధరణ.
సాయంత్రం టీవీలో మంత్రి
రిబ్బను కట్టిన యూకలిప్టస్ మొక్క నాటాడు,
తడి కనబడితే తాగేసే చెట్టు.

బుల్‌డోజర్ వచ్చిన రోజు సెలవు పెట్టాను.
ఇటుకల కంటే చేమాకులే ఎక్కువసేపు నిలబడ్డాయట.
నముసిసి ఎటు పోయిందో ఎవరూ రాసుకోలేదు.
దిగువన ఇంకో చిత్తడి ఉంది,
దానికి ఇంకా పటం గీయలేదు.

డబ్బాలో కొంచెం రంగు మిగిలింది. తిరిగివ్వలేదు.
రాత్రంతా వాన.
పొద్దున టేపు తీసి, ఎందుకో,
పాపిరస్ అంచు నుంచి నా అద్దె గది గడప దాకా కొలిచాను.
ఇరవై ఆరు.
కుంచె గట్టిపడిపోయింది.
కిరసనాయిల్లో నానబెట్టి, పక్కనే కూర్చున్నాను.