బూడిదరంగు అంగీ

వీరుడి అంగీ ఊదా రంగట.
ఆ సంగతి నాకు
నలభై మూడో ఏట తెలిసింది.

మా ఇంట్లో అది బూడిద రంగు.
కోట బూడిద, గబ్బిలాలు బూడిద,
నెత్తురు కూడా తడిసిన సిమెంటులా కారేది.
పరాగ్వే సరిహద్దు దాటి
దుప్పట్ల మూటలో దొంగగా వచ్చిన ఆ యంత్రం
రంగుల్ని ఒక పద్ధతిలో చెప్పేది,
బ్రెజిల్ టీవీ ఇంకో పద్ధతిలో వినేది.
మధ్యన దుబాసీ లేడు.
ఆకుపచ్చలూ ఎరుపులూ తీగలోనే రాలిపోయేవి.

ఆ దుబాసీ ముక్క అతికించడానికి
సెవెరీనో మేస్త్రీ అడిగింది నాన్న వారం కూలి.
"గబ్బిలాన్ని కొట్టడానికి రంగెందుకురా?"
అని నాన్న బీడీ వెలిగించుకున్నాడు.
మాకూ అదే న్యాయంగా తోచింది.

ఇప్పుడు కాంపినా గ్రాండేలో
సెవెరీనో బల్ల నాది, సీసం వాసన నాది.
వీపున్న టీవీలు బాగుచేస్తాను.
వాటి మీద నాకు మరీ అంత మోజు లేదు,
మూడుసార్లు మోచేతిదాకా కొట్టాయి.
అసలుదే అసలుది అని ఒట్లు పెట్టే కుర్రాళ్ళు
అప్పుడప్పుడు దుకాణానికొస్తారు.
వాళ్ళు పుట్టకముందే పాడైన వాటి కోసం
వాళ్ళ కళ్ళు చెమర్చడం
నాకు కాస్త నవ్వొస్తుంది.

మా చెల్లెలు జుసారా సంగతి వేరు.

పుట్టుకతోనే దాని ఎడమచెయ్యి
ఒక మాట ఆలస్యంగా వింటుంది.
గంటకింత అని అద్దెకిచ్చే ఆటల కొట్లో
దాని వంతు ఇట్టే అయిపోయేది.
చూసి చూసి పిల్లలు లెక్కపెట్టడం మానేశారు.

ఏడో అంతస్తులో మాత్రం ఒక చోటుంది.
గబ్బిలాలు పది దాటితే
యంత్రానికి ఆయాసం.
ఒక్కసారిగా లోకమంతా బెల్లంపాకంలో పడ్డట్టు
కొరడా సాగుతుంది, రెక్కలు సాగుతాయి,
పాట కూడా కాళ్ళీడుస్తుంది.
వీధి వీధంతా ఆ ఆయాసాన్ని తిట్టేది.
జుసారా మాట్లాడేది కాదు.
అదే దానికి పిట్టగోడ,
ఒక చెయ్యి ఆన్చి నిలబడేది.
ఆ నాలుగు క్షణాల్లో
ఎడమచెయ్యి వచ్చి కుడిచేతిని కలుసుకునేది.
కోట కొట్టిన మొదటి మనిషి మా వీధిలో అదే.
కొట్టు యజమాని సున్నం గోడ మీద
దాని పేరు బొగ్గుతో రాశాడు, తప్పుగా.

మొన్న దాని కొడుకు తాలిసన్
మొదటి జీతంతో రీమాస్టర్ కొని తెచ్చాడు.
పాత లోపాలన్నీ సరిచేశాం అని
డబ్బా మీద పెద్దక్షరాలు.
అబద్ధం కాదు.
కోట కిటికీల వెనక వాన పడుతోంది,
ఆ వాన కోసం నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళాను.
వయొలిన్లు నిజం వయొలిన్లు.
అంగీ ఊదా.

ఏడో అంతస్తు.
పది గబ్బిలాలు, పన్నెండు, ఇరవై.
ఒక్కటీ తడబడలేదు.
ఆయాసం ఎరగని లోకం అది,
ఎవరి కోసమూ ఆగే పని లేదు.
పదకొండుసార్లు చచ్చింది జుసారా.
"బొమ్మలు భలే ఉన్నాయి నాయనా,"
కొడుకు తల నిమిరి
గింజలు ఉడికాయో లేదో చూడ్డానికి లేచింది.

ఆ రాత్రి అటక దించాను.
కార్ట్రిడ్జి ఊదాను. ఊదితే లాభం లేదని
ఈ పట్నంలో అందరికంటే నాకే బాగా తెలుసు.
అయినా ఊదాను.

దుబాసీ ముక్కలు నా సొరుగులో డజను.
పది నిమిషాల పని.
"రంగు పెట్టనా?" అన్నాను.
"తర్వాత," అంది,
పీట లాక్కుని, తడిచేతులు పావడాకి తుడుచుకుని.

బూడిద మెట్లు. బూడిద తలుపు.
ఎనిమిది, తొమ్మిది, పది.
యంత్రం రొప్పింది.

"హ్యాంగయిందా మామా?" అన్నాడు తాలిసన్.

జుసారా ఎడమ బొటనవేలు
అప్పుడే దిగుతోంది.