మూడో తీగ

గురువారం వస్తే చాలు, హల్ ఊళ్ళో వాన ఆగదు.
హంబర్ మీంచి ఉప్పు గాలి కొడుతుంటుంది.
మూసేసిన చేపల కొట్టు వెనక గదిలో
మేం నలుగురం, నాలుగు గిటార్లు,
ఒకటే హీటరు.

వాయించడానికే వస్తాం.
బయటి చలికి బిగిసిన తీగలు
హీటరు వేడికి సాగిపోతాయి.
శ్రుతి చేసుకోవడంతోనే సగం రాత్రి,
మిగతా సగం మాటలు.

ఆ వారం ఎనిటాన్ అడిగింది, మెట్ల మీద వేళ్ళు తుడుచుకుంటూ:
"ఇది కాకుండా ఇంకేం చేస్తుంటారు మీరంతా?"

ఆల్బీ ఒకప్పుడు చేపల ఓడల్లో ఇంజన్లు చూసేవాడు.
ఇప్పుడు ఆటుపోట్ల పట్టికలు చదువుతాడు,
పోయినేటివి కూడా.
"జరిగిపోయిన పోటు చదవడంలో సుఖం ఉంది,
ఎవర్నీ ముంచదు" అన్నాడు.
నవల చేతిలో పడితే మాత్రం
ముందు చివరి పేజీ చదివేస్తాడట.
హంతకుడెవరో తెలిశాక
నిమ్మళంగా మొదటికొచ్చి
వాడితో టీ తాగుతూ కథంతా నడుస్తాడట.

ఎనిటాన్‌ది ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
బస్సులో చెవులతో చదువుతుంది.
మంచి మనిషి చచ్చిపోతుండగా స్టాపు దాటిపోయి
రెండుసార్లు డిపో దాకా వెళ్ళొచ్చింది.
ఆదివారాలు గొడుగులు బాగుచేస్తుంది.
ఎందుకంటే
ఈ ఊళ్ళో విరిగిన గొడుగులకి కరువా, అంది.

నా వంతు.
పగలంతా ల్యాబ్‌లో కట్టుడుపళ్ళు చేస్తాను.
రాత్రి తెలుగు నిఘంటువు, రోజుకో పేజీ,
కథ చదివినట్టు.
"ఎక్కడిదాకా వచ్చింది కథ?"
"'త' దగ్గర. మా భాషలో మీటేదీ తీగే,
పందిరి మీద పాకేదీ తీగే."
ఆల్బీ నాలుగు గిటార్ల వంకా చూశాడు.
"అయితే వీటికి నీళ్ళు పొయ్యాలన్నమాట."

డోరీన్ మిగిలింది.
బడి వంటింట్లో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన చెయ్యి.
"పుస్తకాలా? నాకు పావురాలున్నాయి"
అని ఆరో తీగ మీద బొటనవేలు కొట్టి
మాట తుంచేసింది.

తర్వాతెందుకో ఎడమచేతి వేళ్ళు చూపించుకున్నాం,
కాయలు కాసిన కొసలు.
ఫోను గుర్తుపట్టదు వాటిని,
కాగితం అంచు వాటికి తెలీదు.
పేజీ తిప్పేదెప్పుడూ కుడిచెయ్యే.
ఎడమది ఊరికే పుస్తకం మెడ పట్టుకునుంటుంది,
అలవాటు కొద్దీ.

మర్నాడో ఆ మర్నాడో
లైబ్రరీ నుంచి దీపం పురుగుల మీద
లావుపాటి పుస్తకమొకటి తెచ్చుకున్నాను.
నూట పన్నెండో పేజీలో
చుట్ట చుట్టిన మూడో తీగ.
కాగితం మీద తుప్పు వలయం,
టీ కప్పు పెట్టి తీసినట్టు.

ఈ ఊళ్ళో గిటార్లు బోలెడు.
తెగిన కొస ఎవరికీ గుచ్చుకోకుండా
లోపలికి మడిచి ముడేసేది మాత్రం ఒక్కరే.
పావురాల గూటి తలుపుకి వేసే ముడి.

తీగ దొరికింది.
డొంక కదపాలా వద్దా అని
శనాదివారాలు రెండూ ఆలోచించాను,
చదువుతూనే.

గురువారం వచ్చింది, వానా వచ్చింది.
ఏమీ అనకుండా తీగని బల్ల మీద పెట్టాను.
ఆల్బీ తనది కాదన్నాడు.
ఎనిటాన్‌వి నైలాన్ తీగలు.
డోరీన్ శ్రుతి చేస్తూనే ఉంది,
ఎప్పుడో కుదిరిపోయిన తీగని.

చాలాసేపటికి, తలెత్తకుండా,
"ఆ మగపురుగు
చీకట్లో వాసన పట్టుకుని బయల్దేరింది కదా,
మైళ్ళ అవతలికి.
చేరిందా?"

చెప్పబోయి ఆగాను.
సంచిలోంచి పుస్తకం తీసి
తీగతో సహా ఆమె ఒళ్ళో పెట్టాను.
"గడువు మంగళవారం."

"పావురాలకి పెందరాళే మేత పెట్టేస్తాలే"
అంది డోరీన్.