ఇంకో రాడ్డు

నిద్ర పట్టిందా, జ్వరముందా, కడుపుల ఏమన్న పడ్డదా,
ఎవరి మీదన్న కోపంతోని వచ్చినవా,
సాగర్ రన్‌వే పక్కన పొద్దున ఆరింటికి
రహమతుల్లా సారు రోజూ అడుగుతడు.
విమానం సంగతి ఆ తర్వాత.

రాత్రి చిన్నాయన ఫోన్ చేసిన ముచ్చట
వీటిల ఏ ప్రశ్న కిందికీ రాదు.
"పట్టింది సార్" అన్న.

ఒంటరిగ ఇది మూడోసారి.
దేవరకొండ, డిండి, కల్వకుర్తి, మళ్లీ ఇక్కడికి.
సైదులన్న రెక్కల నుంచి ఇంత పెట్రోలు వంపి
గాజు గొట్టాన్ని ఎండకు పట్టి చూసిండు:
"నీళ్లు లెవ్వు."
మా జిల్లాల ఆ మాట అని
సంతోషపడే మనిషి ఆయనొక్కడే.

మే నెల. ఎనిమిదిన్నరకే గుట్టలు
బండల వేడిని పైకి తోస్తున్నయి.
రెక్కల కింద గాలి పలచన,
ఇంజను గుంజుతది, సూది కదలదు.
డిండి నీళ్లు ఎడమకు ఒక పగిలిన అద్దం ముక్క.
ఎదురుంగ, కల్వకుర్తి దిక్కున, ఎర్ర దుమ్ము,
దాని మీద పిండని దుప్పటి అసోంటి మబ్బు.

పది నిమిషాల దూరం.
ఇంత దాకా వచ్చినంక

ఈ మాట నేనెరుగుదు.
బోరుబండి మోతల విన్న దీన్ని.
మూడువందల అడుగుల కాడ దుమ్మే,
నాలుగు యాభై కాడ దుమ్మే.
పుస్తెలు కుదువబెట్టిన రసీదు జేబుల తడుముకుంట
చిన్నాయన బాలనర్సింహ అంటున్నడు:
"ఇంత దాకా వచ్చినంక ఆపుతమా? ఇంకో రాడ్డు దించు."
అది ఆరోది. అరచేతిల టెంకాయ లేచి నిలబడ్డ చోటే.
రాత్రి ఫోన్, ఏడోదానికి పాయింటు దొరికిందని.

మారిందేందో చూడు, దాంతోని ఏమైతదో లెక్కగట్టు,
ఒకటి ఎంచుకో, చేసినంక మళ్లీ చూడు.
ఫ్యాను కింద, బోర్డు మీద అవి నాలుగు.
ఇక్కడ ఒక్కటే ఉంది,
మణికట్టు ఎటు తిరుగుతదన్నది.

ఎడమకు తిప్పిన.
"మర్లొస్తున్న" అని రేడియోల చెప్పిన గొంతు
నాది కానట్టే ఉంది.

నేను దిగి నీళ్లు తాగేలోపల
మబ్బు ఒక్క చుక్క రాల్చకుండ ఎటో పోయింది.
నా వెనక లేచిన ప్రణీత్
అంతా తిరిగొచ్చి, కల్వకుర్తి మీద ఆకాశం
కడిగిన పళ్లెమని చెప్పిండు.
సైదులన్న తల వంచుకొని నవ్విండు.
సారు నవ్వలే. మెచ్చుకోనూ లే.
లాగ్‌బుక్కుల యాభై రెండు నిమిషాలని రాయించి
"రేపు మళ్లీ" అన్నడు.

పడని బోరుకు గుంతన్న మిగులుతది.
జరగని ప్రమాదానికి?
నాది తెలివో, పిరికితనమో
రాసే గడి ఆ పుస్తకంల లేదు.

మాపటికి చిన్నాయనకు ఫోన్ కలిపిన.
"నడుమల నుంచి మర్లొచ్చిన."
చానాసేపు అటు గాలి చప్పుడే.
"పెట్రోలు మిగిలిందా?"
"సగం."
"మరేం పోయింది బిడ్డా" అన్నడు.

ఆయన వెనక డీజిలు ఇంజనొకటి వేడెక్కుతున్నది.
బోరుబండో, కంకర లారో
ఫోన్ల తేలలే.