చిటికె

కలాసిపాళ్యంలో మా బుకింగ్ కౌంటర్
రెండడుగుల వెడల్పు.
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, తాడిపత్రి,
గోడ మీద ఎర్ర రంగులో ఊళ్లు.
వాటి కింద నేను.
నా ఒళ్లో, బల్ల చాటున, ఫోన్లో
ఒక ఆడగుర్రం.

పేరు పెట్టమని ఆట అడిగినప్పుడు
ఎవరో ముసలాయన "బండి ఎప్పుడొస్తుంది నాయనా" అంటున్నాడు.
"చిటికెలో" అని అబద్ధమాడుతున్నా.
అదే టైపు చేసినా.

ఎరుపు ఒళ్లు, వెనక ఎడమ కాలికి తెల్ల మేజోడు.
తండ్రి పేరుండాల్సిన చోట ఒక గీత.
దమ్ము: తక్కువ.
వేగం గడి మాత్రం
పొంగే ముందరి పాలగిన్నె.

పన్నెండు వందల మీటర్లు, అంతే దాని లోకం.
ఒక నిమిషం తొమ్మిది సెకన్లు.
"కిటికీ సీటుందా అన్నా" అన్న మనిషి
నోట్లు లెక్కపెట్టి, చిల్లర కోసం
చొక్కా జేబు తడుముకునేలోపు
గేటు దాటి, మలుపు తిరిగి,
గెలిచి నిలబడేది.

పొద్దున డ్యూటీ దిగి మడివాళ రూముకు పోతా
బస్సులోనే దానికి క్యారెట్లు కొనేవాణ్ణి, ఆట నాణేలతో.
నాకు నిన్నటి చిత్రాన్నం.

మూడు గెలుపుల దాకా ఎవరికీ చెప్పలేదు.
నాలుగోది టీ తెచ్చే ముబారక్ చూసినాడు.
ఏడోదానికి హమాలీలు
మూటలు దించి నిలబడినారు.
పక్క కౌంటర్ నాగభూషణం, పోటీ కంపెనీ,
మూడేళ్లుగా మాటల్లేవు మాకు,
తొమ్మిదో పందెం నాడు గొంతు సవరించుకుని
"మన గుర్రం ఎన్నింటికి?" అన్నాడు.

ఒక ఆదివారం రేస్ కోర్స్ రోడ్డుకు పోయినా.
టికెట్టు కొనలేదు, గోడ పక్కన నిలబడినా.
గుర్రాలు కనపడలేదు.
ముందు చెప్పుల కింద నేల అదిరింది.
తరువాత ఊపిరి,
పది కొలిమితిత్తులు ఒక్కసారి తెరిచినట్టు.
ఆపైన చెమట, పేడ, తడిగడ్డి.
ఎవరు గెలిచినారో తెలీదు.

ఆ రాత్రి సౌండు మొత్తం పెంచి
ఫోన్ చెవికి ఆనించుకున్నా.
టకటక టకటక.
ఊపిరి పెట్టడం మరిచిపోయినారు దానికి.

పద్నాలుగోది శుక్రవారం, రాత్రి తొమ్మిది నలభై.
వాన. ప్రొద్దుటూరు బండి ఇంజన్ మోగుతోంది.
కింది బెర్తు కోసం వాళ్లమ్మ నాతో కొట్లాడుతుంటే
ఒక పిల్లోడు బల్ల మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.
ఎనిమిది వందల దగ్గర మూడోది.
వెయ్యి దగ్గర రెండోది.
ముందర బూడిదరంగు మగగుర్రం,
ఏ ఊళ్లో ఎవరు ఆడిస్తున్నదో.
అక్కడ ఆగిపోయింది నెట్‌వర్క్.
నాలుగు కాళ్లూ గాల్లో,
మధ్యలో తెల్లచక్రం గిర్రుమంటూ.

బండి కదిలింది.
కిటికీలోంచి పిల్లోడు చెయ్యి తిప్పినాడు, ఏమైందని.
నాకు మాత్రం ఏం తెలుసు.
చెయ్యి పైకెత్తి
చిటికె వేసినా.
వాడి పళ్లు కనపడినాయి,
ఆ తరువాత రెండు ఎర్రదీపాలు, వాన.

చక్రం ఆగింది.
ముక్కంత తేడాతో చిటికె.

తరువాత దానికి వయసొచ్చింది,
మన లెక్కన ఒక నెలలో.
వేగం గడి పక్కన చిన్న బాణం, కిందికి చూస్తా.
"పదహారు వందలకు దింపుదామా?" అన్నాడు ఆటలోని ట్రైనరు.
హమాలీలు దింపమన్నారు. ముబారక్ దింపమన్నాడు.
నాగభూషణం ఒక్కడే తల అడ్డంగా ఊపినాడు.
జీవితంలో మొదటిసారి
పోటీ కంపెనీ మాట విన్నా.

పద్నాలుగు పక్కన సున్నా.
ఆ సున్నాలో సగం దాని కాళ్లది,
సగం నా పిరికితనానిది.

ఇప్పుడది పచ్చికలో నిలబడి ఉంటుంది.
ఆఖరి బండి పోయినాక తెరిచి చూస్తా.
నాలుగు సెకన్లకోసారి తోక ఊపుతుంది.
ఈగలు లేవు అక్కడ.
అయినా ఊపుతుంది.