వంకరకు పది ఎక్కువ

పుత్తూరులో నా చేతికి కట్టు విప్పిన రోజు
మణికట్టు చూస్తే నాదిగా లేదు.
ఆకుపసరు మరక, గుడ్డు సొన ఎండిన పొలుసులు,
వెదురుదబ్బలు అదిమిన నాలుగు గీతలు.
కట్టు కట్టినాయన వేలితో తట్టి చూసి
"ఇంకో నెల మగ్గం తట్టు పోవద్దు" అన్నాడు.
అంటే నెల రోజులు చెవులకు సెలవు.

నగరి మరమగ్గాల సందులో పుట్టినోడికి
నిశ్శబ్దమంటే కరెంటు పోవడమే,
అది గూడా అరగంట.
నెలంటే ఏం చేసుకోవాల?
గాలం వేద్దామనుకున్నా.

తిరుపతిలో ఒక అంగడి.
అద్దాల వెనక కర్రలు
పెండ్లిచూపులకు నిలబడినట్టు నిలబడుండాయి.
జమాలనే పిల్లోడు ఒకదాన్ని పట్టి లాగితే
కర్రలోంచి కర్ర, దాంట్లోంచి ఇంకో కర్ర,
ఫ్యాను రెక్కకు తగిలి ఆగింది.
"కార్బన్ సార్. ఏనుగును గూడా లేపుతుంది."
నాకు ఏనుగుతో పన్లేదు.
ఆరణియారులో జిలేబీ చేప అరచేతంత ఉంటుంది.
ధర చెప్పినాడు.
మూడు వారాల కూలి,
అదీ చెయ్యి బాగుంటే వచ్చే కూలి.

నారాయణవనం దోవలో కుప్పమ్మ తడిక అల్లుతా ఉంది.
"గాలానికి ఒక కట్టె గావాలక్కా."
తలెత్తకుండానే "చెయ్యి చూపీ" అనింది.
కట్టె అడిగితే చెయ్యెందుకు?
పట్టుకొని ఇట్టా తిప్పి, అట్టా తిప్పి,
నేను ముఖం ముడిచిన చోట ఆగింది.
"ఇది ఇంకా పచ్చిది" అనింది,
వెదురు గురించి అన్నట్టు.

గోడవారన ఇరవై కట్టెలు.
ఒకటి తీసి, కొస మీటి, చెవి దగ్గర పెట్టుకొని
పక్కన పడేసింది.
"లోపల పగిలుండాది. బయటికి నవ్వతా ఉంటాది."
ఇంకొకటి.
"పున్నమికి కొట్టింది. ఏడాది తిరిగేలోపల పిండి రాలతాది."
ఇంకొకటి నా చేతికిచ్చి కండ్లు మూసుకోమనింది.
"బరువు యాడుండాది? మొదట్లోనా, కొసనా?"
కొసన, అన్నా.
"అయితే వద్దు. పొద్దంతా దాన్ని మోసేదానికే సరిపోతాది.
చేప ఎప్పుడు కొరికిందో నీకు తెలీదు."

చివరికి దొరికింది చూడ్డానికి బాగలేదు.
రెండో గెణుపు దగ్గర వంకర,
పొయ్యి మింద పొగ తాగి నల్లబడిన ఒళ్ళు.
పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంది.
కొసన ఒక ఈగ వాలితే
మోచేతి దాకా తెలిసింది.
అరవై రూపాయలు.
వంకరకు పది తగ్గించమంటే
"వంకరకే పది ఎక్కువ, నాయనా.
అది వంగడం నేర్చుకోనుండాది."

పిచ్చాటూరు కట్ట మింద మొబ్బులోనే కూచున్నా.
బెండు కదల్లేదు. ఎండొచ్చింది.
చెవుల్లో మగ్గం ఆడతానే ఉంది
టకటక టకటక, పదింటి దాకా.
ఎప్పుడాగిందో గమనించలేదు.
అప్పుడే నీళ్ళ కింద ఎవరో
దారాన్ని వేలితో తాకి చూసినారు,
కుప్పమ్మ నా మణికట్టును చూసినట్టు,
నొప్పి యాడుందో వెతుకుతా.

జిలేబీ కాదది.
లాగిన లాగుడుకు కట్టె విల్లయింది.
నాలుగో గెణుపు కింద చిటుక్కుమనింది.
స్కూటరు మింద నుంచి పడిన పొద్దు
నా చేతిలో విన్న సద్దే.
దారం తెగింది.
చేప ఏదో, ఎంతో, నాకు తెలీదు.
ఇంట్లో మాత్రం కొరమీనని చెప్పినా, మోచెయ్యంత.

రాత్రి కట్టెను మంచం మింద పడుకోబెట్టి
పగిలిన చోట పసరు పూసి, సొన రాసి,
నాలుగు దబ్బలు పెట్టి
పాత పంచె చించి చుట్టినా.
వళ్ళియమ్మ వాకిట్లో నిలబడి చూసింది.
"గుడ్డు ఏడు రూపాయలు" అనింది.
ముడి బిగించేటప్పుడు
వచ్చి ఒక కొస పట్టుకునింది.
నా చేతికి ఇంకా బిగువు రాలేదు గదా.

మూడు కట్లు పడాల. ఇది మొదటిది.
అందాకా నీళ్ళు తగలనీకూడదు
గాలం కట్టెకు.