గోరంత

మూడు రోజులుగా ఫోను ఒకటే మాట అంటోంది:
కార్డు లేదు.
ఉంది కదా, నా చేత్తోనే పెట్టాను కదా అని
నోరీన్ దానితో వాదించి వాదించి
చివరికి రొట్టెల సంచిలో చుట్టి
నా కౌంటరు మీదికి తెచ్చింది.

బ్రోకెన్ హిల్. జనవరి. నలభై నాలుగు డిగ్రీలు.
వెండి కోసం తవ్వీ తవ్వీ
పేరులో తప్ప కొండ పెద్దగా మిగలని ఊరు.
నా బ్యాడ్జీ మీద హైమ అని ఉంటుంది.
సగం మంది మొదటి అక్షరం దగ్గరే ఆగి
నేను పలకరించాననుకుని తిరిగి పలకరిస్తారు.

ట్రే తీసే సూది ఎక్కడో పోయింది.
చెవి దిద్దు తీసి, దాని కాడతో నొక్కాను.
గోరంత నల్ల ముక్క.
పొట్టకింద ఎనిమిది బంగారు పళ్ళు,
పళ్ళ మీద ఎర్రటి దుమ్ము.
ఈ ఊళ్ళో దుమ్ము తలుపు తట్టి రాదు.

పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దుతుంటే
"చెరిపేస్తున్నావా?" అని నా మణికట్టు పట్టేసుకుంది.
లేదు. ఇక్కడ రబ్బరు పెట్టి రుద్దితేనే
ఒక్కోసారి రాసింది కనబడుతుంది.
ఊదబోయి ఆగాను. నోటి తడి దీనికి పడదు.

ఆపి, మళ్ళీ వెలిగించాం.
ఈసారి ఫోను కాస్త మర్యాదగా అడిగింది:
కార్డు చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చెయ్యనా?
లోపల ఎవరున్నారో తెలియడం లేదు,
ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టనా అన్నట్టు.
నోరీన్ వేలు అప్పటికే నీలం బొత్తాం మీదికి పోతోంది.
మణికట్టు పట్టుకోవడం ఈసారి నా వంతు.

ఏముంది ఇందులో?
"టాఫీ."
టాఫీ ఒక గలా. గులాబీ రొమ్ము, బూడిద రెక్కలు.
మా భాషలో గలగలా మాట్లాడడం అంటాం తెలుసా అన్నాను.
ఆమె నవ్వలేదు.
గనిలో ముప్ఫై ఏళ్ళు దిగిన లెస్ గొంతు
ఎక్కడా దాచుకోలేదట. పెళ్ళి ఫిల్ములో కూడా
పెదాలు కదులుతాయి, అంతే.
అతని దగ్గు, అతని విసుగు పిట్ట నేర్చుకుంది.
అతను పోయాక ఆరేళ్ళు వంటింట్లో దగ్గింది.
కిందటి చలికాలం అదీ పోయింది.
మనిషికి నకలు పిట్ట. పిట్టకి నకలు ఈ ముక్క.
దీనికి నకలుందా అని అడగలేదు. మొహం చూస్తే తెలిసింది.

రీడర్లో పెట్టి కంప్యూటరుకి తగిలించాను.
పేర్లు వచ్చాయి, నలభై ఒకటి.
పేరు పక్కన సైజు: సున్నా. సున్నా. సున్నా.
పిలిస్తే హాజరు పలికే ఖాళీ బెంచీలు.

తవ్వే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని వదిలాను.
రేపు రండి అంటే స్టూలు లాక్కుని కూర్చుంది.
ఫ్యాను. ఈగ. పదకొండు శాతం.
కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు మా వాళ్ళు.
ఈ ఊళ్ళో ఆ సామెత నేనెప్పుడూ బయటికి అనలేదు.
ఐదున్నరకి మూడు ఫైళ్ళు దొరికాయి.

మొదటిది వట్టి గరగర.
రెండోదాంట్లో కుళాయి కారుతోంది,
నోరీనే ఎవరినో ఉప్పెక్కడ అని తిడుతోంది.
మూడోది తొమ్మిది సెకన్లు.
ఫోను మోగింది. ఫోను కాదు, పిట్ట మోగింది.
తర్వాత దగ్గు, అడుగునుంచి, రాతిపొడి దగ్గు.
తర్వాత ఒక మగగొంతు, చిరాగ్గా:
"ఎవరదీ?"

మా ఇద్దరిలో ఎవరం జవాబు చెప్పలేదు.
ఈగ కూడా ఎక్కడో వాలింది.

రెండు చోట్ల దాచుకోండి, అన్నాను తర్వాత.
కొత్త కార్డు మీద నమ్మకం పెట్టుకోవద్దు.
రేటు మరీ ఎక్కువంది, ఐదు డాలర్లు తగ్గించాను.
రసీదు అడిగింది. రసీదు మీద టాఫీ పేరే రాయమంది.
పాత ముక్క వద్దని వదిలేసింది, నా సొరుగులో ఉంది.

దిద్దు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.
ఒక చెవి బోసిగా ఇంటికి నడిచాను.