నలభై ఏడో గింజ

ఐసు డబ్బాలో వస్తుంది
బియ్యపు గింజంత పేగు ముక్క.
పేరుండదు. నలభై ఏడు అని ఉంటుంది,
ఆడ, ముప్పై తొమ్మిదేళ్ళు, మంట మొదలై నాలుగో ఏడు.
తార్నాక సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయానని
ఖలీల్ హెల్మెట్ తియ్యకుండానే చెప్తాడు.
రెండు గంటలు దాటితే
నాకు మిగిలేది శవాల లెక్క.

కడుగుతాను. ఇంకా చిన్నగా తరుగుతాను.
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
ఇంకా ఒంట్లోనే ఉన్నామనుకునేట్టు మభ్యపెట్టి ఊపుతాను.
అరగంటకి గింజ
బియ్యం కడిగిన నీళ్ళయిపోతుంది.

మా అమ్మమ్మకి ఒకసారి చెప్పబోయాను,
ఒంట్లో కాపలా కణాలుంటాయి, అవే తిరగబడి...
"కంచే చేను మేసిందన్నమాట"
చిక్కుడుకాయ ఈనె తీస్తూ తేల్చేసింది.
పన్నెండేళ్ళ చదువు మూడు మాటల్లో!
కానీ అమ్మమ్మా,
ఈ కంచెకి ఆకలి లేదు. భయం ఉంది.

గోడకి అవతల కోట్ల సూక్ష్మజీవులు,
పుట్టినప్పట్నుంచీ ఇరుగుపొరుగు.
ప్రతి ముద్దతోనూ ఇంకొన్ని పరాయివి.
పేగు చేసే పనులన్నిట్లో కష్టమైనది ఊరుకోవడం.
పాఠ్యపుస్తకంలో దాన్ని సహనం అన్నారు.
మా ఇంట్లో కడుపులో పెట్టుకోవడం అంటారు.
అది నేర్పే కణాలు కొన్నున్నాయి, వందలో నాలుగో ఐదో,
నేను వెతికేది వాటినే.
రాత్రి పదకొండింటికి తెర మీద ఒక మూల పడతాయి,
చినుకు మొదలై ఆగిపోయిన బాల్కనీ గచ్చులా.
నలభై ఏడులో అవి ఉన్నాయి.
ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉన్నాయి.
ఉండీ వాటి మాట ఎందుకు చెల్లలేదో
ఆరేళ్ళుగా తెలియదు.

మే నెలలో కరెంటు పోయి, జనరేటర్ అందుకోక
ముప్పై ఒక్క ముక్కలు ఫ్రీజర్లోనే కరిగాయి.
పేపరు తిరిగొచ్చింది, నమూనాలు తక్కువని.
తక్కువే.
ఒక్కోటి ఇవ్వడానికి ఒక మనిషి
రాత్రంతా మందు నీళ్ళు తాగి, సిగ్గు చంపుకుని
గోడవైపు తిరిగి పడుకోవాలి.
అది రాయలేదు నేను.
మరిన్ని సేకరిస్తున్నాం అని రాశాను.

మొన్న ఉప్పల్లో బస్సెక్కాను.
హబ్సిగూడ దాటాక కండక్టరమ్మ చెయ్యి ఆగింది,
నా సున్నా టికెట్టు సగం బయటికొచ్చి మిషన్లోనే ఉంది.
"మల్లేశన్నా, జర ఆపవా."
మిషను ముందు సీటు ముసలాయన ఒళ్ళో పెట్టి
మెట్రో స్తంభాల పక్కన సులభ్ వైపు
నడకా కాని పరుగూ కాని ఏదోలా వెళ్ళింది.
ఆ నడక నాకు తెలుసు,
ఆస్పత్రి వరండాలో చూశాను.

"డ్యూటీల గిదేంది?"
"కంప్లయింటియ్యాలె."
వెనక ఆటోలు ఒకటే మోత.
లేచి చెప్పొచ్చు నేను. ఏమని?
ఎవరి పేరూ తెలియకపోవడమే నా పనికి నియమం.
ఈమె నలభై ఏడో కాదో,
అసలు ఆ జబ్బేనో కాదో.
నోటిదాకా వచ్చింది మింగేసి
గడియారం చూశాను,
ముక్క చేతికందినప్పుడు చూసే అలవాటుతో.

ఏడు నిమిషాలు.
మల్లేశన్న ఇంజన్ ఆపేశాడు.
హారన్ జోలికి పోలేదు. అద్దంలోకి చూడలేదు.
కిటికీలోంచి చెయ్యి చాపి
వెనకవాళ్ళని పక్కనుంచి పొమ్మన్నాడు.
ఆమె ఎక్కాక
"పోదమా అక్కా" అన్నాడు, అంతే.

టికెట్టు చింపి ఇచ్చింది.
చేతులింకా తడిగా ఉన్నాయి, కాగితం నా వేళ్ళకి అంటుకుంది.
వెనక్కి తిప్పి
ఆ రోజు కలపాల్సిన ద్రావణాల లెక్క రాసుకున్నాను.
పదిన్నరకి ఇంకో గింజ వస్తుంది.